ఒక్కటి తిను నాయనా

డిసెంబరు మూడవ వారము వచ్చినదంటే మన ఉద్దానపు పల్లెలలో ఏ వీధిని నడచినను తడిబియ్యపు వాసన ఎదురు వచ్చును. కొత్తబియ్యము ముందురోజే నానబెట్టుదురు. నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి కొట్టించి, ఆ పిండిని గుడ్డ కప్పి ఉంచుదురు. పిండి ఆరిపోయినయెడల అరిసె నూనెలో విచ్చిపోవునని మన తల్లులకు ఎవరును చెప్పనక్కరలేదు. అరిసెలు, పోకుండలు, కొబ్బరి కజ్జికాయలు, జంతికలు. వీటి వెనుక ఈ మధ్యకాలములో కేకు కూడ వచ్చి చేరినది. పొయ్యిమీద పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అందులో చిన్న గిన్నె పెట్టి మూతవేసి కాల్చెడి ఆ కేకులో పలాస జీడిపప్పు వేయని ఇల్లు తక్కువ. కొబ్బరి, పనస, జీడిమామిడి ఇచ్చిన దేవుని స్తుతించుటకు మనకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

అట్టి పండుగ సాయంకాలమున ఒక యింట మేము చూచిన సంగతి ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము. ఆ ఇంటి పెద్దకుమారుడు కొబ్బరితోటలో పని చేసికొని బ్రతికినవాడు. నలుబదియేండ్లు దాటక మునుపే మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమార్లు పలాస పోయి రక్తము శుభ్రము చేయించుకొని వచ్చుచున్నాడు. ఆ సాయంకాలము అతడు ఆసుపత్రి నుండి వచ్చి అరుగుమీద కూర్చుండగా, పక్క ఊరినుండి పండుగకు వచ్చిన పెద్దమ్మ పళ్లెములో రెండు పోకుండలు, జీడిపప్పు పెట్టుకొని వచ్చి, "ఒక్కటి తిను నాయనా, పండగ పూట ఒక్కటి తింటే ఏటవుతాది?" అనెను. లోపలినుండి అతని భార్య వచ్చి పళ్లెము అందుకొని, "వద్దప్పా, పెట్టకు" అనెను. పెద్దమ్మ ముఖము చిన్నబోయినది. "నా చేతి తిండి విసమేటే గుంటా?" అని ఆమె కన్నీళ్లు పెట్టుకొనెను. తరువాత ఇంటిలో ఎవరును ఎవరితోను సరిగా మాటలాడలేదు. భార్య కఠినురాలన్న మాట మరునాటికి వీధి చివరకు పోయినది.

ప్రియులారా, ఆ ఇద్దరు స్త్రీలలో ఎవరు ప్రేమించిరి?

సులువుగా జవాబు చెప్పలేము. మన దేశములో ప్రేమ చేతిలో నుండి విస్తరిలోనికి దిగును. కొసరి వడ్డించని ఇల్లు ఇల్లే కాదని మనము నేర్చుకొన్నాము. వద్దన్నవానికి మరియొకటి వేయుట మర్యాద. పెద్దమ్మ ఎరిగినది ఆ మర్యాదయే, ఆమె మనస్సులో కీడు లేదు. అయినను ఆమె తెచ్చిన పళ్లెములో ఏమున్నదో చూడవలెను. మూత్రపిండములు పని చేయనివాని శరీరము పొటాషియము అను లవణమును బయటికి పంపలేదు. అది రక్తములో మితిమీరిన యెడల గుండె కొట్టుకొనుట తప్పి, ఒక్కొక్కసారి నిలిచిపోవును. బెల్లములో అది హెచ్చు. జీడిపప్పులోను కొబ్బరిలోను హెచ్చు. పెద్ద గ్లాసెడు కొబ్బరినీళ్లలో దాదాపు 600 మిల్లీగ్రాములుండును. చుట్టము వచ్చినప్పుడు మొదట చెట్టెక్కించి బొండము దింపించెడి సీమ మనది! మన మంచి వస్తువులన్నియు ఆ ఒక్కనికి పనికిరానివైనవి. పెరటిలో పండిన దీవెనయే వానికి అపాయమైనది. ఇంతకంటె దుఃఖకరమైన సంగతి మాకు తోచదు.

ఈ రోగము ఒక్క ఇంటిది కాదని మీరెరుగుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో ఏ సంఘమునకు పోయినను దీనివలన తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డలున్నారు. నీటిని, నేలను, ఎండలో పనిని, మందులను అనేకులు పరీక్షించిరి. కారణము ఇదియే అని ఇంకను నిశ్చయముగా తేలలేదు. శ్రీలంకలోని వరిపొలముల పల్లెలలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే ఉన్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండముల పరిశోధనా కేంద్రమును 2023 డిసెంబరు 14న తెరచిరి. హిరమండలము జలాశయము నుండి మంచినీళ్లు గొట్టముల ద్వారా తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి. అది ప్రభుత్వమువారు చేయు పని. వంటయింటిలో చేయు పని మనది.

కొందరు భక్తిగలవారు ఇట్లనుచుందురు: "ప్రార్థన చేసి తినుము, ఏమియు కాదు." ఈ మాటను మేము పలుమార్లు వింటిమి. విన్నప్పుడెల్ల రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములోని కుండ మాకు జ్ఞప్తికి వచ్చును. గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులకు వంట కావలెను. ఒకడు పొలమునకు పోయి, తెలియని తీగె కాయలు ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. అతడు ద్వేషముతో చేయలేదు. ఆకలిగొన్న సహోదరుల కొరకే ఒడి నింపుకొనెను. ఆ కుండలో మరణమున్నదని తినువారు కేకవేసిరి. ఎలీషా ఏమి చేసెను? కాయలు తెచ్చినవానిని గద్దింపలేదు. విశ్వాసముంచి తినుడని చెప్పలేదు. కేక వేసినవారిని అల్పవిశ్వాసులని అనలేదు. పిండి తెప్పించి కుండలో వేసి, తినదగినదిగా చేసి అప్పుడు వడ్డించుమనెను. దేవుని మనుష్యుడే చెడు కుండను బాగుచేయక వడ్డింపలేదు. మనమేల వడ్డించుచున్నాము? దేవాలయ శిఖరము నుండి దుముకుమని శోధకుడు అడిగినప్పుడు మన ప్రభువు ఇచ్చిన జవాబును కూడ జ్ఞాపకము చేసికొనుడి.

పౌలు రోమీయులకు వ్రాసిన పదునాలుగవ అధ్యాయమును ఈ సందర్భమున చూపువారున్నారు. ఎవని కొరకు క్రీస్తు చనిపోయెనో వానిని నీ భోజనముచేత చెరుపవద్దని అక్కడ ఉన్నది. పౌలు అక్కడ మాటలాడినది మనస్సాక్షిని గూర్చియే గాని రోగమును గూర్చి కాదు. వాక్యమును మన అవసరమునకు సాగదీయరాదు. అయినను భోజనము ఎంత, మనుష్యుడు ఎంత అని తూచిన త్రాసు అదియే గదా. ఆ త్రాసులో ఒక పోకుండను ఒక ప్రక్కను, ఆ ఇంటి యజమానుని మరియొక ప్రక్కను పెట్టి చూచిన యెడల, పళ్లెము అందుకొన్న భార్య కఠినురాలు కాదని మేము చెప్పుదుము. పెట్టు చేతికి అందరును మంచిపేరు ఇత్తురు. వద్దను నోటికి పేరు రాదు. అర్ధరాత్రి ఆయాసము వచ్చినప్పుడు ఆటో పిలిచి కూడ పోవునది ఆమెయే. పండుగకు వచ్చిన చుట్టములు ఆ రాత్రి మన ఊరిలో ఉండరు.

అట్లయితే వంటయే మానవలెనా? మానిన ఇండ్లు ఉన్నవి. బేత్లెహేము బావినీళ్లు ముగ్గురు మనుష్యుల ప్రాణమునకు తెగించి తెచ్చినవని దావీదు త్రాగక పారబోసెను గదా, మేము మాత్రము నెట్లు తిందుము అని ఒక తల్లి మాతో అనెను. ఆమె మాటను తీసివేయలేము. అయినను ఆ ఇంటి రోగియే మాకు వేరొక సంగతి చెప్పెను. పొయ్యి వెలగని క్రిస్మసునాడు పిల్లలు తనవైపు చూచిన చూపు, నాలుకమీది కోరికకంటె కష్టముగా ఉండెనట. "నా వల్ల పండగ పోయింది అనుకున్నారు" అని అతడనెను. తన మూలముగా ఇల్లు చీకటియైనదన్న భారము కూడ ఆ బక్కశరీరముమీద మోపుట మాకు న్యాయముగా తోచలేదు.

నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో జనులు ధర్మశాస్త్రము విని ఏడ్చుచుండగా, ఏడువవద్దని, పోయి క్రొవ్వినది తిని తియ్యనిది త్రాగుడని, తమకొరకు ఏమియు సిద్ధము కానివారికి భాగములు పంపుడని వారికి చెప్పిరి. ఈ భాగములు బీదల కొరకే అని మనము ఎప్పుడును బోధించుచుంటిమి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పల్లిసారథి వద్ద తీరము దాటి మన కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలకూల్చిన తరువాత వచ్చిన క్రిస్మసుకు ఆ వాక్యము మనకు బాగుగా అర్థమైనది. కాని నిండు ఇంటిలో, డబ్బాలన్నియు నిండియుండగా, తన కొరకు ఏమియు సిద్ధము కానివాడు ఒకడు కూర్చుండియున్నాడని మనము ఎరుగకపోతిమి. వానికి చేయవలసినది బలవంతము కాదు, భాగము. అది ముందుగా ఆలోచించి, అడిగి, వేరుగా చేయవలసిన భాగము.

కావున తల్లులారా, మొదటి వాయి అతనిదై యుండనీయుడి. బెల్లమునకు మారుగా పంచదార పాకముతో, నువ్వులు లేకుండ చేసిన అరిసె చాలమంది రోగులకు కొద్దిగా చెల్లును. మధుమేహమున్నవారికి అదియు కూడదు. కావున ఆసుపత్రికి పోయినరోజే పండుగ వంటల పేర్లు చెప్పి, ఏది ఎంతయని వైద్యునిచేతనో అక్కడి నర్సుచేతనో కాగితముమీద వ్రాయించుకొనుడి. జంతికలలో ఉప్పు సంగతియు అడుగుడి. అంగడిలో తక్కువ సోడియమని అమ్మెడి ఉప్పు మంచిదనుకొని తేవలదు, దానిలో పొటాషియమే కలుపుదురు. నల్లని కూల్‌డ్రింకులు వద్దు. ప్రేమవిందునాడు వడ్డించు యౌవనులు కూడ ఈ సంగతి ఎరిగియుండవలెను. ఒకడు వద్దని చేయి అడ్డము పెట్టినప్పుడు ఆ చేతిని తొలగించి కూర పోయుట మన సంఘములలో మానవలసిన వాడుక.

అతడు పసిబిడ్డ కాడు, తన నోటికి తానే యజమానుడు గదా, వానినే నిర్ణయించుకోనీయరాదా అని ఒక సహోదరుడు మమ్మును అడిగెను. మంచి ప్రశ్న. నిర్ణయించుకోనీయుడి, కాని వైద్యుని యెదుట, నిమ్మళముగా ఉన్నప్పుడు. పళ్లెము ముక్కుక్రింద పెట్టి, పెద్దమ్మ కన్నీళ్లు కార్చుచుండగా అడుగుట అతని స్వేచ్ఛను గౌరవించుట కాదు.

ఆ పెద్దమ్మ మరుసటి ఏడాది మరల వచ్చినది. ఈసారి ఆమె తన ఊరినుండి ఏమియు తేలేదు. వచ్చినదే వంటయింటిలోనికి పోయి, "ఆడికి ఏటి పెట్టొచ్చో చెప్పే గుంటా" అని అడిగెను. ఇద్దరును రెండు పాకములు వేరువేరుగా పెట్టిరి. ఆ కుమారునికి పాకము చూచుటలో ఒకప్పుడు వీధిలో పేరుండెడిది. అతనిని పొయ్యి ప్రక్కను పీటమీద కూర్చుండబెట్టి, నీళ్ల పళ్లెము ముందు పెట్టిరి. రుచి చూడనక్కరలేదు; నీళ్లలో వేసిన పాకపుచుక్కను వ్రేళ్లతో కూర్చి, ఉండకట్టినదో లేదో చూచిన చాలును. అతడు మూడుమార్లు చూచి, "ఇంకా లేదప్పా" అనెను. నాలుగవమారు ఉండను పళ్లెము అంచున కొట్టి, "దించేయండి" అనెను.