ఉన్న జబ్బును ఉన్నట్టు చెప్పుకోవడం

 



ధమ్మం గురించిన కరపత్రంలో షుగరు జబ్బు సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. గిరిమానంద సుత్తం ఒకసారి గుర్తు చేసుకోండి. జబ్బుపడి మంచాన ఉన్న గిరిమానంద భిక్షువుకు వెళ్లి చెప్పమని భగవానుడు శ్రావస్తిలో ఆనందుడికి పది సంజ్ఞలు నేర్పాడు. నాలుగోది ఆదీనవ సంజ్ఞ. ఈ ఒంటికి ఏయే జబ్బులు వస్తాయో అందులో వరసగా ఉంటాయి. కంటి జబ్బు, చెవి జబ్బు, దగ్గు, జ్వరం. ఆ వరసలోనే మధుమేహం కూడా ఉంది. పాలీలో ‘మధుమేహో’ అంటారు, ఇప్పుడు మనం అనే మాటే. కాబట్టి ఇది ధమ్మంలో లేని విషయం కాదు.

ఇక్కడ చెప్పబోయేది అందరికీ తెలిసిన షుగరు గురించి కాదు. బిళ్లలతో, నడకతో అదుపులో ఉండేది టైప్ టూ. టైప్ వన్ వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఇక ఆ మనిషికి ఇన్సులిన్ బయటి నుంచి రావాల్సిందే, బతికినన్నాళ్లూ, రోజూ. ఇది చిన్నపిల్లలకే వస్తుందని చాలామంది అనుకుంటారు. పాతికేళ్లకూ వస్తుంది, నలభైకీ వస్తుంది. పెద్దవాళ్లకు వచ్చినప్పుడే చిక్కు. వయసు చూసి టైప్ టూ అనుకుని బిళ్లలు రాసేస్తారు. మనిషి చిక్కిపోతుంటాడు, దాహం తీరదు, రాత్రికి నాలుగైదుసార్లు లేస్తాడు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట్లో మాగిన పండు వాసన. సరిగ్గా ఈ దశలోనే మన పేటల్లో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది గాలి కాదు, రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లకపోతే ప్రాణం పోతుంది. బిళ్లలు వాడుతున్నా మనిషి సన్నబడిపోతుంటే సి పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ అనే రక్తపరీక్షలు ఉన్నాయి, డాక్టరు గారిని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

‘ఏ జన్మలో ఏ పాపం చేశాడో!’ జబ్బు పేరు చెప్పగానే మన పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట ఇదే. బౌద్ధం తీసుకున్న ఇళ్లలో కూడా వస్తోంది, అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. మోళియ శివకుడు అనే పరివ్రాజకుడు భగవానుణ్ణి ఇదే అడిగాడు. మనిషి పడే ప్రతి బాధా పూర్వం చేసిన కర్మ వల్లేనని కొందరంటున్నారు, నిజమేనా అని. భగవానుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల కూడా బాధలు వస్తాయని విడివిడిగా చెప్పాడు. అన్నిటినీ కర్మ ఖాతాలో వేసేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. పుట్టుకను బట్టి మనల్ని ఊరి బయట పెట్టిందీ ఈ పూర్వజన్మ లెక్కే. ఆ లెక్కను మనం గడప బయటికి నెట్టాం. జబ్బు చేసినవాడి కోసం దాన్ని మళ్లీ దొడ్డిదారిన లోపలికి రానిస్తామా?

సల్లథ సుత్తంలో రెండు బాణాల మాట ఉంది. మొదటిది ఒంటి నొప్పి. రెండోది ఆ నొప్పి మీద మనసు తెచ్చిపెట్టుకునే ఏడుపు. కానీ మన దగ్గర ఆ రెండో బాణం చాలాసార్లు పక్కింటి నుంచే వస్తోంది. సూది వేసుకునే పిల్లకు పెళ్లేమిటంటారు. సూది వేసుకునేవాడు మిల్లులో బస్తాలేం మోస్తాడంటారు. అందుకని దాచుకుంటారు. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో, ఉల్లి మార్కెట్టులో, కొల్లేటి చేపల చెరువుల మీద పనిచేసే కుర్రాడు బాత్రూములో చాటుగా సూది పొడుచుకుంటాడు. నలుగురూ ఉన్నారని ఒక పూట మానేస్తాడు. పెళ్లయిన అమ్మాయి అత్తింట్లో ఇన్సులిన్ సీసాను చీరల మడతల్లో దాస్తుంది, ఆ వేడికి మందు చెడిపోతుంది. షుగరు వల్ల కాదు, దాచుకోవడం వల్ల ఆసుపత్రి పాలవుతున్నారు.

అంగుత్తర నికాయంలో భగవానుడు మంచి రోగి లక్షణాలు ఐదు చెప్పాడు. తనకు సరిపడేది చేస్తాడు, సరిపడేదాంట్లోనూ మితం తెలిసినవాడు, మందు వేసుకుంటాడు, నొప్పిని ఓర్చుకుంటాడు. ఇంకొకటుంది. తన మంచి కోరి సేవచేసేవాళ్లకు జబ్బు ఎలా ఉందో అలాగే చెబుతాడు. పెరిగితే పెరిగిందంటాడు, తగ్గితే తగ్గిందంటాడు. మందు వేసుకోవడం ఎంత ముఖ్యమో చెప్పుకోవడం కూడా అంతే ముఖ్యమన్నమాట. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. సేవచేసేవాడికీ ఐదు లక్షణాలు పెట్టాడు. మందు సిద్ధం చేయగలగాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, లాభం కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలకూ వాంతికీ అసహ్యపడకూడదు, ధమ్మం చెప్పి ధైర్యం నింపాలి. చెప్పుకోమని రోగిని అడిగే ముందు వినడానికి మనం పనికొస్తామా అని చూసుకోవాలి. పెళ్లిచూపుల్లో అమ్మాయి చెబితే సంబంధం తప్పిపోతుందన్న భయం ఉన్నంత కాలం, ముసావాదా శీలం ఆ పిల్ల ఒక్కదాని మీదే మోపడం న్యాయం కాదు.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు కథ మనందరికీ తెలుసు. మిగతావాళ్లు ఎందుకు చూడలేదని భగవానుడు అడిగితే, నా వల్ల వాళ్లకు ఉపయోగం లేదని అతను చెప్పాడు. భగవానుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి మంచం మీదికి చేర్చారు. ఉపయోగం లేనివాడని పక్కన పెట్టే అలవాటు సంఘంలోకే వచ్చిందంటే మన పేటల్లోకి రాదా?

ఇక మన బాబాసాహెబ్. ఆయన్ని ఏళ్ల తరబడి షుగరు బాధించింది, కాళ్ల నొప్పులతో నిద్ర ఉండేది కాదు, ఇన్సులిన్ తీసుకున్నారు. ఆయనది పెద్దతనంలో వచ్చిన షుగరు, టైప్ వన్ కాదు, కానీ సూది సూదే. 1948లో పెళ్లాడిన శారదా కబీర్, అంటే మన మాయి సవితా అంబేడ్కర్, డాక్టరు. ‘బుద్ధుడూ ఆయన ధమ్మమూ’ పుస్తకానికి 1956లో రాసుకున్న ముందుమాటలో తనను బతికించి పని పూర్తి చేయనిచ్చినందుకు ఆమెకూ, డాక్టర్ మాల్వంకర్‌కూ కృతజ్ఞత చెప్పారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో దీక్ష తీసుకున్నప్పుడు ఆ ఒంట్లో ఆ జబ్బు ఉంది. నాకు జబ్బుంది, ఫలానా వాళ్లు చూసుకున్నారు అని కాగితం మీద పెట్టడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఆ సూది వెనక కూడా ఒక దానం ఉంది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని కడుపు మాడ్చి కొన్ని నెలలు నిలబెట్టేవాళ్లు, తర్వాత పోయేవాళ్లు. కనిపెట్టినవాళ్లు ఆ హక్కుల్ని విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. ఆకు పసరు తాగితే సూది మానేయొచ్చు, ప్రార్థన చేయిస్తే మానేయొచ్చు అని ఎవరైనా అంటే ఆ కుర్రాడికి ముందు కాలం ఎలా ఉండేదో చెప్పండి. టైప్ వన్ మనిషి ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. జ్వరమొచ్చి తిండి తినకపోయినా సూది మొత్తం ఆపకూడదు. ఎంత వేయాలో డాక్టరుతో మాట్లాడాలి.

తిండి మాట. కోసల రాజు పసేనది ద్రోణమంత అన్నం తిని ఆయాసపడుతూ వచ్చినప్పుడు భగవానుడు మితం చెప్పాడు. రాజు మెల్లగా నాళిక అన్నానికి దిగాడు. మన తవ్వా సోలా గిద్దా లాంటి కొలతలే అవి. టైప్ వన్ మనిషికి మితమంటే తగ్గించడం ఒక్కటే కాదు, కొలత తెలియడం. ఎంత అన్నానికి ఎన్ని యూనిట్లో లెక్క కుదరాలి. అందుకని అన్నం పెట్టేటప్పుడు ‘ఇంకొంచెం వేసుకో తమ్ముడూ’ అని బలవంతం చేయకండి. ‘నీకెందుకు స్వీటు’ అని కంచం ముందు నుంచి తీసేయకండి. ఆ లెక్క అతనికి తెలుసు. సిరంజి లెక్క కూడా ఉంది. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదే మారిపోతుంది, షాపులో చూసి తీసుకోండి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను దాంట్లో ఉంచి నీడలో పెట్టండి.

షుగరు పడిపోవడం ఇంకా ప్రమాదం. 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, మాట తడబాటు, తూలడం. చూసేవాళ్లు తాగాడనుకుంటారు. పంచశీలం పట్టినవాడే తాగాడని ముఖం తిప్పుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. తూలుతున్న మనిషిని ముందు అడగండి, షుగరా అని. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

పౌర్ణమి ఉపోసథం రోజు మధ్యాహ్నం దాటాక తినకపోవడం గురించి కొందరు అడిగారు. భగవానుడు రోగి భిక్షువులకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా వేళకాని వేళ కూడా అనుమతించాడు. షుగరు పడిపోయినవాడు సాయంత్రం బెల్లం ముక్క తింటే శీలం చెడదు. అసలు టైప్ వన్ ఉన్నవాళ్లు ఈ శీలాన్ని పట్టాలని ఎవరూ అడగకూడదు. మిగతా ఏడూ చాలు.

వచ్చే బుద్ధ పూర్ణిమకు గుంటుపల్లి వెళ్తున్నాం. గుహల దాకా మెట్లెక్కాలి, ఎక్కేటప్పుడు షుగరు తగ్గుతుంది. బస్సుకొక మనిషి పంచదార పొట్లాలు, గ్లూకోమీటరు దగ్గర పెట్టుకుంటారు. ఇన్సులిన్ సీసాలు బస్సులో ఎండ తగిలేచోట వదలకండి, తడిగుడ్డ చుట్టిన డబ్బాలో వేసి పైకి తెచ్చుకోండి. ఎవరెవరికి ఉందో పేర్లు ముందే చెప్పండి. మైకులో చదవం.