బెదరు గుఱ్ఱము

ధ్యానభాగము: సంఖ్యాకాండము 22:21-35, నిర్గమకాండము 21:28, 29



గుఱ్ఱము బెదరినప్పుడు దానిని కొట్టుట న్యాయమా? జట్కాల దినములు గతించిన తరువాత ఈ ప్రశ్న యేల అని కొందరడుగవచ్చును. నంద్యాల స్టేషనులో రైలు దిగినవారు ఒకప్పుడు జట్కా ఎక్కుచుండిరి, ఇప్పుడు ఆటో ఎక్కుచున్నారు. ఆళ్లగడ్డకు రైలు మార్గము లేదు గనుక అక్కడ బస్సు దిగి జట్కా చూచుకొనెడివారు. అక్కడను ఆటోలే వచ్చినవి. అయినను గుఱ్ఱము మన మధ్యనుండి పూర్తిగా పోలేదు. ఆ ప్రశ్నయు పోలేదు.

మొదట గుఱ్ఱము యొక్క స్వభావమును ఆలోచింతము. దానికి కొమ్ములు లేవు, గోళ్లు లేవు. కాళ్లే దాని ఆశ్రయము. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నందున చుట్టునున్నదంతయు ఇంచుమించుగా చూచును గాని, సరిగా తన తోక వెనుకనున్నదానిని, తన నుదుటికి మిక్కిలి దగ్గరగా నున్నదానిని చూడలేదు. గనుక మనకు మెల్లగా దగ్గరకు వచ్చిన వస్తువు దానికి ఒక్కసారిగా ఊడిపడినట్లు తోచును. అట్టి జంతువును రెండు నొగల మధ్య కట్టి, వెనుక చక్రముల చప్పుడు పెట్టి, బజారులోనికి తోలుచుంటిమి. పారిపోవుటయే తెలిసిన ప్రాణికి పారిపోవు దారి లేకుండ చేసితిమి. కన్నులకు గంతలు కట్టుట కొంత మేలే. ప్రక్కల కదలువాటిని అది చూడదు. అయితే చెవులకు గంతలు లేవు గదా!

మేము బాగుగా ఎరిగిన ఒక వృద్ధుడు చాల సంవత్సరములు నంద్యాలలో జట్కా తోలెను. అతని గుఱ్ఱము రైలు కూతకు బెదరదు, లారీ హారనుకు బెదరదు. గాలికి రెపరెపలాడు గోనెసంచి కనబడినయెడల మాత్రము నాలుగు కాళ్లు బిగించి, ప్రక్కకు ఎగిరి, బండిని కాలువవైపు లాగును. అప్పుడతడు చెర్నాకోల ముట్టడు. బండి దిగి, కళ్లెము దగ్గర పట్టుకొని, మెడ నిమిరి, పేరు పెట్టి పిలిచి, ఆ సంచిని వాసన చూడనిచ్చును. బండిలోనివారు, “రైలు పోతాది, రెండు తగిలించవయ్యా” అని కేకలు వేసెడివారు. కొట్టకపోవుటకు కారణమేమని మేమడిగితిమి. “అయ్యగారూ, ఒక దెబ్బ ఏస్తే దానికి రెండు భయాలైతాయి. సంచి భయమొకటి, నా భయమొకటి. ఒకటే మాన్పలేక సస్తాంటే, రెండోది నేనెందుకు తెచ్చిపెట్టేది?” అని చెప్పెను.

అతడు బడి ముఖమెరుగనివాడు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున సోక్రటీసు శిష్యుడును సైనికుడునైన జెనొఫోను అను గ్రీకుదేశస్థుడు గుఱ్ఱపు స్వారిని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో ఇదే మాట యున్నది. బెదరిన గుఱ్ఱమును కొట్టినయెడల, తన నొప్పికి తాను చూచి బెదరిన వస్తువే కారణమని అది తలంచును గనుక, దాని భయము మరింత పెరుగునని అతడు వ్రాసెను. ఏథెన్సు నగరపు పండితుడును నంద్యాల జట్కావాడును ఒకరినొకరు ఎరుగకయే ఒక్క మాట చెప్పుట మాకు ఆశ్చర్యమును సంతోషమును కలిగించెను.

బిలాము కథ మీరెరుగుదురు. గాడిద త్రోవ విడిచి పొలములోనికి పోయెను, గోడకు ఒత్తుకొని అతని కాలిని నలిపెను, తుదకు కూలబడెను. మూడుసార్లును అతడు దానిని కొట్టెను. చేత కత్తి యుండినయెడల చంపియుందునని కూడ చెప్పెను. కత్తి ఎదుట నిలుచున్న దూత చేతిలో నున్నదని అతనికి తెలియదు. ప్రవక్త కన్నులకు కనబడనిది పశువునకు కనబడెను. అది తొలగకపోయినయెడల అతడే చచ్చియుండును.

అయితే ఈ కథను పట్టుకొని, బెదరిన ప్రతి పశువును దేవదూతనే చూచినదని చెప్పుట వెఱ్ఱితనము. నూటికి తొంబదితొమ్మిది సార్లు అది గోనెసంచియే. కాని కొట్టు ఘడియలో అది సంచియో, పామో, కుంగిన వంతెనయో తోలువానికి తెలియదు. దిగి చూచినవానికే తెలియును. బిలాము దిగి చూడలేదు. భయము నేరము కాదు. నేరము కానిదానికి శిక్ష వేయుట న్యాయము కాదు. ఇంతవరకు మాకు సందేహము లేదు.

కష్టమైన సంగతి ఇక మీదట నున్నది. బండిలో గర్భిణి యున్నది, త్రోవలో బిడ్డలు ఆడుకొనుచున్నారు. గుఱ్ఱముమీద జాలి గొప్పదే గాని, ఆ బిడ్డల ప్రాణమునకు జవాబుదారి ఎవరు? మోషే ధర్మశాస్త్రము ఎద్దును గూర్చి ఇక్కడ మనకు త్రోవ చూపుచున్నది. ఎన్నడును పొడవని ఎద్దు ఒకని పొడిచి చంపినయెడల యజమానునిమీద దోషము లేదు. పొడుచు అలవాటు దానికున్నదని అతనికి ముందే తెలుపబడియు, అతడు దానిని కట్టివేయనియెడల, ఆ రక్తాపరాధము అతనిదే. ఎద్దు అదే, పోటు అదే. భేదమంతయు యజమానుడు ఎరిగియుండుటలో నున్నది. బెదరు గుఱ్ఱము సంగతియు అట్టిదే. దాని బెదరు దాని నేరము కాదు గాని, తెలిసిన దినమునుండి అది తెలిసినవాని భారమగును.

ఆ వృద్ధుడు తుదకు ఆ గుఱ్ఱమును అమ్మవలసి వచ్చెను. సంతలో కొనువాడు పండ్లు చూచెను, గిట్టలు చూచెను, బెదరును గూర్చి అడుగలేదు. ఇతడు తానే చెప్పెను. ధర సగమునకు పడిపోయెను. ఇంటికి వచ్చిన తరువాత అతని భార్య, “అడగని మాట నీకెందుకు? పిల్లల ఫీజులెవరు కడతారు?” అని ఏడ్చెను. ఆమె కోపము అన్యాయమైనదని మేము చెప్పజాలము. ఆ నష్టము ఆమె పొయ్యిమీదనే పడినది. అయినను అతడు దాచియుండినయెడల, తన బండిలోని అపాయమును మరియొకని బిడ్డల బండిలోనికి మార్చియుండును. ఆ ఇల్లాలితో వాదింపక, ఆ నెల బియ్యమునకు సాయపడుటయే సంఘము చేయదగిన పని.

మరియు భారమంతయు తోలువానిమీద మోపుట సులభము. బండియు గుఱ్ఱమును తనవి కాక, దినమునకింత అని అద్దె కట్టి తోలినవారును ఉండిరి. ఉలవలు కొనక మునుపే అద్దె చెల్లించవలెను. వట్టి బండితో పది దినములు త్రిప్పి గుఱ్ఱమునకు బజారును అలవాటు చేయుము అని అట్టివానికి చెప్పుట, ఆకలిగొన్నవానికి ఉపవాస ప్రసంగము చేయుటయే. జంతు హింసా నివారణ చట్టము 1960లో వచ్చెను. బండ్లు లాగు జంతువులను గూర్చిన నియమములు 1965లో వచ్చెను. వాటి ప్రకారము దినమునకు 9 గంటలకు మించి పని చేయించరాదు, విడువక 5 గంటలకు మించరాదు. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము 12 మొదలు 3 వరకు కట్టనేరాదు. తోలువాడును 6 సంవత్సరములలోపు పిల్లలును గాక నలుగురినే ఎక్కించవలెను. మన వేసవిలో ఎండ 40 దాటుట అందరెరిగినదే. అయిదవవాడై ఎక్కి, “ముందుకు జరుగుడి” అన్నప్పుడు సణిగినవారు మనవారు కారా? బొంబాయిలో వినోదమునకై విక్టోరియా బండ్లు నడుపుట చట్టవిరుద్ధమని 2015లో హైకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఆ తోలువారి జీవనమునకు వేరొక మార్గము చూపుమని కూడ ప్రభుత్వమునకు చెప్పెను. ఆ రెండవ మాట మాకు మొదటిదానికంటె తక్కువైనదిగా తోచలేదు.

ఇప్పుడు మన ఊళ్లలో గుఱ్ఱము కనబడునది విశేషముగా పెండ్లి ఊరేగింపులలోనే. వెనుక డీజే పెట్టెలు, ముందు టపాకాయలు, మీద ఎన్నడును గుఱ్ఱమెక్కని వరుడు, చుట్టును పిల్లలు. క్రైస్తవ కుటుంబములును ఈ ఆచారమును పట్టుకొనుచున్నవి. ఆచారము మంచిదా చెడ్డదా అను చర్చ మరియొకప్పుడు చూచుకొందము. ప్రస్తుతమునకు వరుని తండ్రులకు మా మనవి యొక్కటే: బయానా ఇవ్వకమునుపు, ఇది టపాకాయలకు బెదరునా అని గుఱ్ఱము తెచ్చువానిని అడుగుడి. బేరము పోవునని భయపడక నిజము చెప్పునట్లు, మానుకొన్నను అతని దినకూలి ఇత్తుమని ముందే చెప్పుడి. బెదరునని అతడు చెప్పినయెడల టపాకాయలైనను మానుడి, లేక వరుని నడిపించియైనను తీసికొని రండి. విడిదినుండి చర్చికి మన ఊళ్లలో రెండు వీధులకంటె దూరముండదు.