పొగడ్త పక్కన లెక్క

తేని



పరిశోధన చేసే విలేకరిని అవుతానన్నావు, సంతోషం. దాచిన కెమెరాలు, రాత్రిపూట చేతులు మారే ఫైళ్లు నీ మనసులో ఆడుతున్నట్టున్నాయి. అవీ ఉంటాయిలే. నేను మాత్రం విలేకరి పాలగుమ్మి సాయినాథ్ గారి సంగతి చెబుతాను. మనలాగే తమిళ నేల మీద పుట్టిన తెలుగువారు. 1957లో మద్రాసులో పుట్టారు. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారి మనవడు, కానీ ఆ పేరు వాడుకుని బతకలేదు.

1993లో ఒక ఫెలోషిప్పు పుచ్చుకుని దేశంలోని నిరుపేద జిల్లాలకు బయల్దేరారు. నడకే దాదాపు 5,000 కిలోమీటర్లట. వాటిలో మన తమిళనాడులోని రామనాథపురం ఒకటి. అక్కడి మిర్చి రైతు తరగర్ అనే దళారి దగ్గర అప్పు తెచ్చి పంట వేస్తాడు, ఆ పంటను మళ్లీ అతని చేతిలోనే పోస్తాడు. సంతకు పోయే ప్రతివాడికీ తెలిసిన సంగతే కదా! తెలిసినా, ఎవరికెంత ముడుతోందని అడిగి రాసినవాళ్లు తక్కువ. వాన పడలేదని అందరూ రాస్తుంటే, కరువు నిధులతో బాగుపడుతున్నదెవరో ఆయన వెతికారు. 1996లో వచ్చిన ఆయన పుస్తకం ఆ వెతుకులాటే.

2009 మహారాష్ట్ర ఎన్నికలప్పుడు ఆయన చేసిన పని నాకింకా ఇష్టం. ఒక పెద్ద నాయకుణ్ణి పొగిడే వార్త వేర్వేరు పత్రికల్లో అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. ఆయన వాటిని పక్కపక్కన పెట్టి చదివారు. తర్వాత ఆ నాయకుడు చూపిన ఎన్నికల ఖర్చు తీస్తే, పత్రికా ప్రకటనలకు 5,379 రూపాయలు! ఇలా డబ్బు పుచ్చుకుని వేసే వార్తలపై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల సంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గారు ఒకరు. వారి నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టనే లేదు. సొంత ఇంటి దొంగను పట్టడం అంత కష్టం.

2007లో సాయినాథ్ గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. మన ప్రభుత్వాల సత్కారాలు మాత్రం పుచ్చుకోరు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన జీవన సాఫల్య పురస్కారాన్నీ వద్దన్నారు. నీ దగ్గరికి అంత పెద్దవి ఇప్పుడే రావు. అధికారి జీపులో చోటు, కంపెనీవాళ్ల భోజనం, దీపావళి మిఠాయి పెట్టె వస్తాయి. వాటి దగ్గరే వద్దనడం అలవాటు చేసుకో.

సెలవులకు వచ్చినప్పుడు మన బోడినాయకనూరులో ఏలకుల వేలం చూడు. తెల్లారకముందే జీపుల్లో ఇరుక్కుని కేరళ కొండలెక్కి ఆ కాయ కోసే ఆడవాళ్లకు రోజుకు ఎంత దక్కుతోందో వాళ్లనే అడుగు. వేలంలో పలికిన ధర పక్కన ఆ కూలి వేసి, ముందు నాకు రాసి పంపు.

ఇట్లు,
నీ తాత