షేక్ ఎవరి ఇంటిపేరు?

పెళ్ళి కార్డు చూసి ముస్లిమేతర మిత్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "అబ్బాయి ఇంటిపేరు షేక్. అమ్మాయి ఇంటిపేరూ షేకే. వరసెలా కుదిరింది?" వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. తెలుగునాట ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల వరస. ఎన్ని తరాల వెనకైనా సరే, ఒకే గడపలోంచి వచ్చినవాళ్ళని లెక్క. షేక్ ఆ లెక్కకు రాదు. మాలో షేకులూ షేకులూ నిక్షేపంగా వియ్యమందుకుంటారు. అది గడప పేరు కాదు గనక. కానీ పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు రిజిస్టరులో ఇంటిపేరు అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉండకూడదు. కోస్తాలో చాలామందికి ఆ గడిలో 'షేక్' పడింది, పొట్టిగా 'ఎస్.కె.' అయింది. తెలంగాణలో 'మహమ్మద్' పడింది, 'ఎం.డి.' అయింది. గడి నిండింది. ప్రశ్న మిగిలింది. ఒకే పేరు మోస్తున్న ఇంతమందిమి ఒకరికొకరం ఏమవుతాం?

అరబ్బీలో షేక్ అంటే పెద్ద. వయసులో పెద్ద, తెగకు పెద్ద, చదువులో పెద్ద. గౌరవంగా పిలిచే పిలుపే తప్ప వంశం పేరు కాదు. హిందుస్తాన్‌కు వచ్చేసరికి అది మెట్లలో ఒక మెట్టయింది. సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ - ఈ నాలుగూ బయటినుంచి వచ్చిన ఖాందాన్‌లని లెక్క. అయితే నాలుగు తలుపుల్లో షేక్ తలుపే కాస్త వారగా తెరిచి ఉంది. కొత్తగా కలిమా చదివినవాడు సయ్యద్‌నంటే నమ్మరు, అది ప్రవక్త సంతతి. షేక్‌నంటే సాగుతుంది. 1901 బెంగాల్ జనాభా లెక్కల నివేదిక అష్రాఫ్, అజ్లాఫ్ అనే తేడాను వివరంగా నమోదు చేసింది. అక్కడ షేక్ అని రాయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది స్థానికంగా మతం మారినవాళ్ళేనని కూడా చెప్పింది. ఇస్లాంలో కులం లేదనేవాళ్ళకు జవాబుగా అంబేడ్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో ఆ నివేదికనే ముందు పెట్టాడు.

పేరొకటైతే మనుషులొకటేనా అన్నది కొత్త ప్రశ్నేం కాదు. హదీసు పండితులు వెయ్యేళ్ళ కిందటే దీంతో కుస్తీ పట్టారు. ప్రవక్త మాటను ఎవరు ఎవరికి చెప్పారో తేలాలంటే ముందు ఆ చెప్పినవాడెవరో తేలాలి. ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఒకడు నమ్మదగినవాడు కావచ్చు, రెండోవాడు కాకపోవచ్చు. అందుకే 11వ శతాబ్దంలో ఖతీబ్ బగ్దాదీ ఒకే పేరున్న వేర్వేరు మనుషులను విడదీయడానికే ఒక పుస్తకం రాశాడు. ఆ తర్వాతి శతాబ్దంలో మెర్వ్ నగరానికి చెందిన సమ్ఆనీ, పేర్ల వెనక వచ్చే తెగ, ఊరు, వృత్తి గుర్తులన్నిటినీ 'కితాబుల్ అన్సాబ్' అనే నిఘంటువులో పేర్చాడు. వాళ్ళు నేర్పిన మొదటి పాఠం ఇదే: పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు.

రెండో పాఠం ఇమామ్ బుఖారీ పేరులోనే ఉంది. 810లో పుట్టి 870లో చనిపోయిన ఆ పండితుడి పేరు చివర 'జుఅఫీ' అని వస్తుంది. అది ఒక అరబ్బు తెగ పేరు. ఆయన అరబ్బు కాదు. ముత్తాత ఆ తెగవాడి చేతుల మీదుగా ఇస్లాం తీసుకున్నాడు, ఆ సంబంధంతో తెగ పేరు ఇంటికొచ్చింది. అంటే హదీసు గ్రంథాల్లో అందరికంటే ముందు చెప్పుకునే పేరులోనే రక్తంతో రాని ఇంటిపేరుంది. దాన్ని ఎవరూ దొంగపేరనలేదు. పండితులు ఆ సంగతి దాచలేదు కూడా. ఎలా వచ్చిందో రాసి పెట్టారు.

ఇక మన దగ్గర దొరికే కాగితాలు చూద్దాం. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలంనాటి పారసీ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. అందులో ఉన్నవాళ్ళు ఎక్కువగా మన్సబ్‌దార్లు, జాగీర్దార్లు, వాళ్ళ కింద జీతం తీసుకున్న సిపాయిలు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఎవరి దగ్గర ఏ సనదుందో చూసి రాసుకున్నారు. ఖాజీలు, దర్గాల ముజావర్లు ఆ రిజిస్టర్లలో పేరూ తండ్రిపేరూ సహా దొరుకుతారు. భూమి ఉన్నవాడికి తాత ముత్తాతలున్నారు. మరి దూది ఏకినవాడు? రోళ్ళకు కక్కు కొట్టినవాడు? అత్తరమ్మినవాడు? వాళ్ళు దొరికేది వేరే పుస్తకాల్లో. థర్స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో దూదేకుల వాళ్ళున్నారు, కులంగా ఉన్నారు. మనిషి పేరు లేదు, తాత పేరు లేదు. ఏం పని చేస్తారు, ఏ భాష మాట్లాడతారు, పెళ్ళెలా చేసుకుంటారు అని ఉంది. ఒకరికి వంశవృక్షం, ఇంకొకరికి కొలతలు, వింతలు.

ఇప్పుడు ఖతీబ్ బగ్దాదీ పద్ధతిలోనే ముగ్గుర్ని పక్కపక్కన పెట్టి చూడండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ షేక్ నాజర్. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా. కాశ్మీరు షేక్ అబ్దుల్లా, తన పూర్వీకులు బ్రాహ్మణులని తానే ఆత్మకథలో రాసుకున్నాడు. ముగ్గురూ షేకులే. ఒకరికొకరు ఏమీ కారు. నాజర్ ఆత్మకథ పేరు చూడండి: 'పింజారి'. షేక్ అన్న పెద్దపేరు ఉండగా ఆయన కథకు తలకెక్కింది పని పేరు. తెలుగులో పింజారి అనేది తిట్టు. బగ్దాదులో 922లో చంపబడ్డ మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్‌కు అర్థం కూడా దూదేకేవాడనే. అక్కడది సూఫీ పేరయింది, ఇక్కడ నోటితో ఉమ్మే మాటయింది. దూది అదే, విల్లు అదే. తేడా మన చూపులో ఉంది.

షేక్ అనే ముసుగు ఎందుకు కావాల్సివచ్చిందో దీంతో తెలుస్తుంది. తిట్టులోంచి బయటపడడానికి మనిషి ఒక మర్యాద పేరు తొడుక్కున్నాడు. అందులో మోసం వెతకడం న్యాయం కాదు. కానీ ఆ మర్యాద ఎంతమేరకు దక్కింది? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు సయ్యద్, మొగల్, పఠాన్‌లను బయట ఉంచింది. షేక్‌ను జాబితాలో చేర్చింది. 'పెద్ద' అని అర్థమున్న పేరు వెనకబాటుకు గుర్తయింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లు అంతకు ముందునుంచే బి.సి.-బి లో ఉన్నాయి. పేరు మార్చినా బతుకు మారలేదని ప్రభుత్వమే రాసిచ్చింది.

ఈ పేరు మూలాలు తవ్వేవాళ్ళు రెండు రకాలు. మనలో కొందరు అరేబియా దాకా తవ్వుతారు, దారిలో దూదేకుల తాత కనిపిస్తే మట్టి కప్పేస్తారు. అవతల కొందరు అదే తాతను బయటికి లాగి 'నువ్వు ఒకప్పుడు మావాడివే, వెనక్కి రా' అంటారు. తిరిగి వస్తే ఏ కులంలో కూర్చోబెడతారో చెప్పరు. ఇద్దరిదీ ఒకటే నమ్మకం: మనిషి ఎవరో రక్తం తేలుస్తుందని. ఖురాన్ 33వ సూరా 5వ ఆయతు తండ్రి పేరుతోనే పిలవమంటుంది, తండ్రెవరో తెలియకపోతే వాళ్ళు మీ ధర్మ సోదరులేనంటుంది. అబద్ధపు వంశం వద్దు. వంశం లేదని మనిషిని తోసేయనూ వద్దు.

ఇది గ్రంథాలకే పరిమితమైన విషయం కాదు. అస్సాంలో 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు నాటి కాగితాల్లో పూర్వీకుల పేరు చూపించమన్నారు. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షలకు పైగా మనుషులు బయట మిగిలారు. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. తాత పేరుకూ మనవడి పేరుకూ ఒక అక్షరం తేడా వస్తే వివరణ ఇచ్చుకోవాల్సివచ్చింది. ఒకే ఇంట్లో షేక్, షేఖ్, ఎస్.కె. అని మూడు రకాలుగా రాసివున్న కుటుంబాలు మన దగ్గర ఎన్ని లేవు? సనదున్న ఖాందాన్ గట్టెక్కుతుంది. సనదులేని దూదేకుల షేక్‌కు ఎవరు సాక్ష్యం చెబుతారు?

ఒకే పేరున్న మనం ఒకరికొకరం ఏమవుతామన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇక్కడే ఉంది. చుట్టాలం కాము. సాక్షులమవుతాం. కాగితం ఉన్నవాడు లేనివాడి పక్కన నిలబడితేనే ఆ పేరు ఇద్దరిదీ అవుతుంది. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన నానమ్మలను, అమ్మమ్మలను అడిగి షేక్ కింద కప్పబడిన పని పేర్లు రాసుకోవాలి. పింజారి, అత్తరు సాయిబు, ఫకీరు, కసాబు, తురక చాకలి. సిగ్గుపడకుండా, పూర్తిగా, ఊరు పేరుతో సహా. వాళ్ళు పోయాక ఆ పేర్లు చెప్పేవాళ్ళు దొరకరు.