కేక లేని బాధ

కుక్కకి ఒంట్లో బాగాలేకపోతే మూలుగుతుంది. పిల్లి అయితే అరిచి ఇల్లు పీకి పందిరేస్తుంది. అద్దాల తొట్టిలోని చేపకి ఆ సదుపాయం లేదు. రెప్పలు లేవు గనక కళ్ళు మూసుకోలేదు. మనకి వినబడేట్టు ఏడవనూ లేదు. పక్కకి ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ రెండు మూడు రోజులు అడుగున పడి ఉంటుంది. "ఏం చేద్దామండీ?" అంటుంది ఇల్లాలు. "దాని రాత" అంటాడు ఇంటాయన. "చంపేస్తారా నాన్నా?" అంటుంది పిల్ల.

వంటింట్లో చేపల పులుసు ఉడుకుతూంటే హాల్లో చేపకోసం ఈ గొడవేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని పులుసులో చేపని మనం పెంచలేదు. దీన్ని మాత్రం నాలుగద్దాల మధ్య పెట్టి, దాని గాలీ నీరూ తిండీ మన చేతుల్లోకి తీసుకున్నాం. బతుక్కి పూచీపడ్డవాళ్ళం చావుకి పూచీ లేదంటే ఎలా?

చేపకి నొప్పేమిటనే మాటకి కాలం చెల్లింది. 2003లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేపల తలమీద నొప్పిని పసిగట్టే నాడులున్నాయని చూపించారు. పెదవిలోకి ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు తిండి మాని, పెదవిని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయిట. అది మన నొప్పిలాంటిదేనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదం తేలేదాకా మన తొట్టిలో చేప ఆగదు కదా!

ఈ చిక్కు మహాత్ముడికే వచ్చింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయమయ్యే ఆశలేని లేగదూడ ఒకటి బాధతో కొట్టుకుంటూంటే, గాంధీజీ డాక్టరుచేత సూదిమందు ఇప్పించి దాని బాధ ముగించారు. దేశమంతా గగ్గోలు. అహింస చెప్పే మనిషి గోహత్య చేశాడన్నారు. ప్రాణం తియ్యకపోవడం ఒక్కటే అహింస కాదనీ, వేరే దారి లేనప్పుడు, స్వార్థం లేకుండా, ఆ ప్రాణి మేలు కోరి చేసింది హింస కాదనీ ఆయన జవాబు.

మన ప్రశ్నకి కీలకం అక్కడే ఉంది. అది భరించలేకపోతోందని చంపుతున్నామా, మనం చూడలేకపోతున్నామని చంపుతున్నామా? ఈ రెండూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి.

తేల్చుకోవడానికి దారి ఒకటుంది. ముందు బతికించడానికి చూడాలి. బంగారు చేపకి పదేళ్ళు బతకడం గొప్పేమీ కాదు. ఇంగ్లండులో టిష్ అనే చేప నలభై మూడేళ్ళు బతికి 1999లో పోయింది. ఒరిగిన ప్రతి చేపా చావబోతున్నట్టు కాదు. చాలాసార్లు జబ్బు నీళ్ళది. చేప విసర్జించినదీ, మిగిలిన తిండీ కుళ్ళి అమ్మోనియా అవుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ సరేసరి. కొంతమేర నీళ్ళు మార్చండి. తిండి ఆపి, వెలుతురు తగ్గించి, తక్కిన చేపలు పొడవకుండా విడిగా ఉంచండి. తేరుకుంటే "రాత" మారినట్టే.

అలా కాక, ఒళ్ళు ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని, ఎన్నాళ్ళకీ తేరుకోకపోతే అప్పుడు రెండో మాట. బతికుండగానే పాయిఖానాలో పోసి నీళ్ళు కొట్టడం దయ కాదు, కంటికి కనిపించకుండా చేసుకోవడం. పంటినొప్పికి మనం వాడే లవంగ నూనె చేపలకి మత్తుమందు. మోతాదు పశువైద్యుణ్ణి అడగండి. గోరువెచ్చని నీళ్ళలో బాగా గిలక్కొట్టి, చేప ఉన్న గిన్నెలో మెల్లిమెల్లిగా కలిపితే అది మత్తులోకి జారుకుంటుంది. అప్పుడు మోతాదు పెంచాలి. మొప్పలు ఆగాక కూడా చాలాసేపు అందులోనే ఉంచాలి. తొందరపడి తీస్తే మళ్ళీ తెలివి రావచ్చు, అంతకంటే క్రూరం లేదు.

పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. అది చేపకోసం కాదు, దానికి మన దయ తెలియదు. చేస్తున్నది ఎవరికోసమో మనం మర్చిపోకుండా ఉండటానికి. మన నిద్ర చెడుతోందని తొందరపడకూడదు, మన చెయ్యి వణుకుతోందని ఆలస్యం చెయ్యకూడదు.