విశ్వాసము - విధేయత

బెంగుళూరు నగరమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును. పెద్దల మాటను పిల్లలు ప్రశ్నింపక పాటింపవలెనా? ప్రశ్నించుట భక్తికి లోపమా? ఇది మన యిండ్లలోనే పుట్టిన ప్రశ్న గాదు. అనేక దేశములలో అల్పసంఖ్యాకులుగా జీవించియు తమ ధర్మమును నిలుపుకొన్న యూదులు దీనిని ఏటేట తమ గ్రంథపఠనములో ఎదుర్కొనుచున్నారు.

మోషే ధర్మశాస్త్రమగు తోరాను వారు 54 భాగములుగా విభజించుకొనిరి. శనివారము వారికి విశ్రాంతిదినము. ఆనాడు వరుసగా ఆ భాగములను పఠించుచు, ఏడాదికి గ్రంథమును ముగించి, ముగించిన నాడే మరల మొదటి నుండి ఆరంభింతురు. ఈ ఆచారము తెలుగుగడ్డకు బొత్తిగా క్రొత్త గాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, తాము ఇశ్రాయేలు సంతతివారమని విశ్వసించు బెనె ఎఫ్రాయీము కుటుంబములవారు శనివారమును విశ్రాంతిదినముగా పాటించుచున్నారు.

ఆ భాగములలో నాల్గవది 'వయేరా'. ఆదికాండము 18వ అధ్యాయము మొదలు 22వ అధ్యాయము వరకు గల యీ భాగమున రెండు ఘట్టములు పక్కపక్కన నిలిచి మనలను కలవరపెట్టును. సొదొమ పట్టణమును నాశనము చేయ దేవుడు సంకల్పింపగా, అబ్రాహాము ఎదుట నిలిచి వాదించెను. ఏబదిమంది నీతిమంతులున్నచో పట్టణమును కాచెదవా యని మొదలిడి, పదిమంది వరకు బేరమాడెను. అట్టివాడే, కుమారుడగు ఇస్సాకును బలి యిమ్మని ఆజ్ఞ కాగా, ఒక్క మాటయు ఎదురాడక తెల్లవారుజామున లేచి పయనమయ్యెను. కత్తి యెత్తిన క్షణమున దేవదూత వారించెను. పొదలో చిక్కిన పొట్టేలు బలియయ్యెను.

పరుల కొరకు వాదించిన నోరు కన్నకొడుకు కొరకు ఏల మూతపడెను? పండితులు శతాబ్దములుగా దీనిని చర్చించుచున్నారు. మాకు మన పురాణములే కొంత దారి చూపినవి. రాముడు తండ్రి మాటను నిలిపెను. హరిభక్తిని విడువుమన్న తండ్రి మాటను ప్రహ్లాదుడు కాదనెను. ఇరువురును మనకు పూజ్యులే. ఏలన, తాము నమ్మినదానికి చెల్లింపవలసిన మూల్యమును ఇరువురును తామే చెల్లించిరి. ఆ కొండపై మాత్రము తండ్రి విధేయతకు మూల్యము కుమారుని ప్రాణము. అందుచేతనే ఆ కథలో ఆజ్ఞ కంటె వారింపు గొప్పదని మేము తలంతుము.

మరియొక సంగతి గలదు. బలికి కావలసిన కట్టెలను మోసినవాడు ఇస్సాకే. నిప్పును కట్టెలును ఉన్నవి గాని, గొఱ్ఱెపిల్ల యేదని అతడడిగెను. తండ్రి గద్దింపలేదు, దేవుడే చూచుకొనునని బదులు పలికెను. పిమ్మట ఇరువురును కలిసి నడచిరి.

మన యిండ్లలోను పిల్లల భుజములపై కట్టెలు పెట్టుచునే యున్నాము. తెలుగు చదువుమందుము, మనము పుస్తకము ముట్టము. పండుగ విధులు పాటింపుమందుము. వాని యర్థ మడిగినచో విసుగుకొందుము. తాము మోయని బరువును పిల్లల నెత్తిన పెట్టి దానికి విధేయతయని పేరిడుట న్యాయము గాదు. వారమునకొక దినము పెద్దలు పిన్నలు కూర్చుండి, ఒక్క పుట తెలుగు చదివి, పిల్లల ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పుదము. బదులు తెలియనినాడు తెలియదని ఒప్పుకొని, వారితో కలిసి వెదకుదము.