ధూమకేతువు: దాని గతియు, దాని వెలుగును



ఉపాసనానంతరమున నేడు ఆకాశమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. న్యాయవాదికి నక్షత్రములతో నేమి పనియని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. సాక్ష్యమును తూచుట నేర్చుకొనుటకు కచ్చేరీకంటె ధూమకేతువే మంచి పాఠశాలయని నాకు తోచినది గనుక ఈ సాహసము చేయుచున్నాను.

క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు రచించిన బృహత్సంహితయందు కేతుచారమను అధ్యాయము కలదు. కేతువుల ఉదయాస్తమయములను గణితముచేత నెరుగుట శక్యము కాదని ఆ పండితుడు అందు నిర్మొగమాటముగ ఒప్పుకొనెను. గ్రహణకాలమును ముందుగా గణించి చెప్పగల శాస్త్రజ్ఞుడు తనకు తెలియనిదానిని తెలియదనుట గొప్ప సత్యసంధత. కాని ఆ తెలియని చోటు ఖాళీగ నిలువలేదు. ఏ కేతువు ఏ దిక్కున కనబడిన ఏ రాజ్యమునకు చేటు వచ్చునో యను ఫలితములతో అది నిండిపోయినది. ఆ ఫలితములును ఆ అధ్యాయమునందే యున్నవి! జనులు ఒప్పుకోలును మరచి, భయమును మాత్రము కంఠస్థము చేసిరి.

ఐరోపాలోను ఇదే కథ. తోకచుక్క భూమిని చుట్టియున్న వాయుమండలమున పుట్టిన మంటయని అరిస్టాటిలు చెప్పగా, రెండువేల సంవత్సరములకు దగ్గరగా ఆ మాటయే చెల్లినది. 1577 లో టైకో బ్రాహి దానిని పరీక్షకు పెట్టెను. చేయి చాచి వ్రేలిని ఒక కంటితోను, పిమ్మట రెండవ కంటితోను చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లుండును. దూరముననున్న చెట్టు జరుగదు. తన ద్వీపమునుండి తాను కొలిచిన స్థానమును, ప్రేగు నగరమున మరియొకడు కొలిచిన స్థానమును టైకో పోల్చి చూచెను. చంద్రుడు జరిగినంతకూడ ఆ చుక్క జరుగలేదు. కాన అది చంద్రునికి ఆవల నున్నదని తేలినది. వాదము లేదు, శాపము లేదు. ఇరువురు సాక్షులు వేర్వేరు చోట్ల నిలిచి చెప్పిన వాఙ్మూలములు మాత్రమే.

ఎడ్మండు హాలీ 1705 లో ప్రకటించిన చిన్న గ్రంథము ఇంతకంటె విచిత్రమైనది. స్థిరనక్షత్రములనుండి తోకచుక్క ఎంత దూరమున నున్నదో కొన్ని రాత్రులు కొలిచినయెడల, న్యూటను చూపిన మార్గమున దాని కక్ష్యను గణింపవచ్చును. తగినంత ఎడముగల మూడు కొలతలు చాలును. హాలీ ఇట్లు ఇరువదినాలుగు తోకచుక్కల లెక్కలు కట్టెను. అందు 1531, 1607, 1682 సంవత్సరములలో వచ్చిన మూడింటి త్రోవలు ఇంచుమించు ఒక్కటిగా నుండెను. మూడును గ్రహములకు ఎదురు దిశను తిరిగినవే. వచ్చినది మువ్వురు కారు, ఒక్కరే మూడుసార్లు వచ్చిరని ఆయన తీర్పు చెప్పెను. అయితే మొదటి ఎడము డెబ్బదియారు సంవత్సరములకు మించినది. రెండవది డెబ్బదియైదింటికి తగ్గినది. ప్రతివాది వకీలు ఇచ్చటనే పట్టుకొనును గదా! ఆ లోపమును హాలీ దాచలేదు. బృహస్పతి దారిలో లాగుటచే ఆ తేడా వచ్చినదని చెప్పి, 1758 చివర మరల రాగలదని వ్రాసి, 1742 లో మరణించెను. తన మాట నిజమగునో కాదో చూచు భాగ్యము తనకు లేదని ఎరిగియే వ్రాసెను.

గడువు సమీపింపగా పారిసు నగరమున క్లేరో, లలాండు, నికోలు లెపోతమ్మగారు అను మువ్వురు నెలల తరబడి లెక్కలు వేసిరి. బృహస్పతివలన 518 దినములును, శనివలన 100 దినములును ఆలస్యమగునని తేల్చి, 1759 ఏప్రిలు నడుమ అది సూర్యుని సమీపించునని, అయితే ఒక మాసము ఇటో అటో తప్పు రావచ్చునని క్లేరో ప్రకటించెను. ఆయన తరువాత అచ్చువేసిన గ్రంథమున లెపోతమ్మగారి పేరు లేదు. లలాండు మాత్రము ఆమె శ్రమను బహిరంగముగ కొనియాడెను. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడు మనము ఈ సంగతిని గుర్తుంచుకొనుట మేలు.

1758 డిసెంబరు 25వ తేదీ రాత్రి డ్రెస్డెను సమీపమున పాలిచ్ అను రైతు దానిని మొదట చూచెను. 1759 మార్చి 13న అది సూర్యుని సమీపించినది. తప్పు సుమారు ఒక మాసము, చెప్పుకొన్న మేరయే.

త్రోవను గూర్చి ఇంత నిశ్చయముగ చెప్పగలవారు వెలుగును గూర్చి చెప్పలేకున్నారు. ఇది నాకు మిక్కిలి నచ్చిన విషయము. తోకచుక్క తల మసకగా నుండును గనుక, తెలిసిన వెలుగుగల నక్షత్రములను దుర్భిణిలో కావలెనని మసకపరచి, దానితో సరిచూతురు. భూమికి దూరము రెండింతలైన వెలుగు నాలుగవ వంతగును, ఇంతవరకు గణితమే. కాని సూర్యుని వేడికి దానిలోని మంచు ఎంత ఆవిరియగును, ఎంత ధూళి లేచును అనునది దాని యంతరంగమును బట్టి యుండును. 1973 లో కోహూటెకు తోకచుక్క మహోజ్జ్వలమగునని చాటిరి. అది మసకగానే పోయినది. 2007 అక్టోబరులో హోమ్సు తోకచుక్క ఎవ్వరును ఎదురుచూడనప్పుడు రెండు దినములలోపల సుమారు అయిదు లక్షల రెట్లు వెలిగినది. 2013 నవంబరు 28న ఐసాన్ అనునది సూర్యుని దరిజేరి చెదరిపోయినది. ఈశ్వరుడు త్రోవకు విధించిన నియమమే వెలుగునకును విధించియుండును. మనకు త్రోవ చదువుట వచ్చినది, వెలుగు చదువుట ఇంకను రాలేదు. రానిచోట రాలేదనుట నాస్తికత్వము కాదు. అచ్చట భయమును కల్పించి దానికి భక్తియని పేరిడుటయే ఈశ్వరాపచారము.

1910 మే మాసమున హాలీ తోకచుక్క తోకలోనుండి భూమి దాటునని, ఆ తోకయందు విషవాయువు కలదని పత్రికలు వ్రాయగా, పాశ్చాత్య నగరములలో తలుపుల సందులు మూసుకొనిరి, ధూమకేతు మాత్రలు కొనిరి. ఏమియు కాలేదు. ఆ సంవత్సరమే మన గురజాడ అప్పారావుగారు ‘ముత్యాల సరముల’యందు ఆ చుక్కనే సంఘసంస్కరణకు శుభసూచనగ భావించిరి. నూరు సంవత్సరములు గడచినవి గదా, భయము పోయినదందురా? వినుడు.

2020 జూలైలో నియోవైజ్ తోకచుక్క కనబడినప్పుడు ఒక వృద్ధుడు నాయొద్దకు వచ్చెను. సంతానము లేదు. శాస్త్రోక్తముగ దత్తత జరుగని ఒక పిల్లను పెంచుకొనెను. ఇల్లు ఆమె పేర దానపత్రము వ్రాయింప దలచి, ముసాయిదా సిద్ధమైన పిదప, “ఆకాశమున అరిష్టమున్నది, పైగా లోకమంతట వ్యాధి, అది పోయిన తరువాత రిజిస్టరు చేయింతము బాబూ” అనెను. నేను నవ్వి సరే యంటిని. వాదించుటకు ఓపిక లేకపోయినది. పెద్దవారితో వాదమెందుకని సమాధానము చెప్పుకొంటిని. శ్రావణమాసము ముగియకమునుపే ఆయన జ్వరముచే కాలము చేసెను. వీలునామా లేదు. ఇల్లు అన్నగారి కుమారులకు పోయినది. ఆ ముసాయిదా ఇప్పటికిని నా బీరువాలో నున్నది.

తోకచుక్క ఆ ఇంటిని తీసికొనలేదు. ఆ నవ్వు తీసికొన్నది.

2024 అక్టోబరులో మరియొక తోకచుక్క సూర్యాస్తమయానంతరము పడమట కనబడినది. మబ్బు విడిచిన ఒకనాటి సాయంకాలమున ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, “చూపించుడు మామయ్యగారూ” అనెను. డాబా యెక్కితిమి. కొంతసేపు చూచి, ఎంత దూరమున నున్నదని యడిగెను. ఆ నెల 12వ తేదీన మిక్కిలి దగ్గరకు వచ్చినప్పుడు సైతము ఏడు కోట్ల కిలోమీటర్ల దూరమని చెప్పితిని. ఆమె మారు పలుకలేదు. దుర్భిణి నా చేతినుండి తీసికొని, అది చెట్ల చాటునకు దిగిపోవువరకు చూచుచునే యుండెను.